గోడ మీద అయిదో పేరు

జెర్సీ వీపు మీద ఆటగాడి పేరు కుట్టేటప్పుడు కష్టమంతా మొదటి అక్షరం దగ్గరే. అది వెంట్రుకవాసి వంగిందంటే చివరి అక్షరానికి వచ్చేసరికి పేరు మొత్తం భుజమెక్కి కూర్చుంటుంది. అందుకే ఆర్లీన్ టీగ్ ముందు సుద్దముక్కతో గీత గీసుకుంటుంది. అక్షరాలను గుండుసూదులతో నిలబెట్టుకుంటుంది. ఆ తర్వాతే మిషన్ మీద చెయ్యి వేస్తుంది. హాడ్లీ ఫోర్క్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో పడమటి మెట్ల వరసల అడుగున, కప్పు ఏటవాలుగా దిగివచ్చే సామాన్ల గదిలో ముప్ఫై మూడేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. బట్టలు ఉతకడం, గడ్డి మరకలు వెనిగర్‌లో నానబెట్టి వదిలించడం, చిరిగినవి కుట్టడం, పేర్లు విప్పడం, పేర్లు పెట్టడం. నెబ్రాస్కాలో ఆగస్టంటే మొక్కజొన్న ఆకులు ఎండకు సుళ్ళు చుట్టుకుపోయే నెల. కొత్త పిల్లలు వచ్చే నెల కూడా అదే. పాత జెర్సీ మీద పోయినేటి పేరు విప్పి, దారపు ముక్కలు ఏరి, అదే చోట కొత్త పేరు కుట్టాలి.

సోమవారం పొద్దున ఆమె పనిలో ఉండగా క్రీడా విభాగం డైరెక్టరు కీత్ మార్లో రెండు కాగితాలు పట్టుకుని వచ్చాడు. నాలుగేళ్ళ కిందట వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడు. మర్యాదస్తుడు. గది గుమ్మం దగ్గర తల వంచుకుని మరీ లోపలికి వస్తాడు. స్టేడియం గేటు పక్క గోడకు అయిదుగురు పాత కోచ్‌ల పేరిట ఇత్తడి పలకలు పెట్టాలని కాలేజీ అనుకుంటోంది. అందుకు వేసిన అయిదుగురి సంఘంలో, పనివాళ్ళ తరఫున, అందరికన్నా పాత ఉద్యోగి కాబట్టి, ఆర్లీన్‌ను కూడా వేశారు. పలకల మీద చెక్కించాల్సిన రాత ఇదనీ, పేర్లలో అక్షర దోషాలు ఆమె కంటికి తప్ప ఎవరికీ కనబడవనీ, మర్నాడు మీటింగు లోపల ఒకసారి చూసిపెట్టమనీ అడిగాడు.

ఆర్లీన్ కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టి చదివింది. మొదటి నలుగురూ ఆమె పుట్టకముందువాళ్ళు, పుట్టిన కొత్తల్లోవాళ్ళు. అయిదో పేరు రస్సెల్ హేవర్లీ. ఇరవై ఎనిమిదేళ్ళు కోచ్‌గా ఉన్నవాడు. అందులో పదహారేళ్ళు ఆర్లీన్ ఆయన కింద పనిచేసింది. ఆయన పేరు కింద ఇలా రాసి ఉంది: "హాడ్లీ ఫోర్క్‌కు నూట ఎనభై ఏడు విజయాలు సంపాదించిపెట్టిన కోచ్. ఆటగాళ్ళ ఆరోగ్యం విషయంలో కాలానికన్నా ముందు నడిచిన మనిషి. ఈ ప్రాంతపు కాలేజీలన్నిటిలోకీ మొట్టమొదట, 1969లో, సాధన మధ్య నీళ్ళ విరామం ప్రవేశపెట్టినవాడు."

ఏడాది అంకె మీద ఆమె వేలు ఆగింది.

"ఎందుకు మొదలుపెట్టాడో రాయలేదేం?" అంది.

"దేన్ని?"

"నీళ్ళివ్వడాన్ని."

మార్లో నవ్వాడు. పలక మీద పట్టేది అరవై మాటలేననీ, అన్నీ రాస్తూపోతే గోడ చాలదనీ అన్నాడు. అక్షరాల తప్పులేమైనా ఉన్నాయా అని అడిగాడు. లేవంది ఆర్లీన్. అతను మళ్ళీ తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె మిషన్ ముందు కూర్చుని ఆపేసిన పేరు ముగించింది. జెర్సీ ఎత్తి చూసుకుంటే రెండో అక్షరమూ మూడో అక్షరమూ తారుమారయ్యాయి. ముప్ఫై మూడేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. చిన్న కత్తెర తీసుకుని ఒక్కొక్క కుట్టూ తెంపుతూ కూర్చుంది.

1969 ఆగస్టులో, సాధన మొదలైన నాలుగో రోజున, రెండుసార్లు నీళ్ళడిగి, దొరక్క, మైదానంలో పడిపోయి, మర్నాడు తెల్లవారకముందే ఆసుపత్రిలో చనిపోయిన పందొమ్మిదేళ్ళ కుర్రవాడి పేరు డ్వేన్ వోలెక్. ఆర్లీన్ అన్న. ఆమె పెళ్ళయి టీగ్ అయ్యాక వోలెక్ అన్న ఇంటిపేరు ఊళ్ళో సమాధి రాళ్ళ మీద తప్ప మిగల్లేదు.

*

మీటింగు లైబ్రరీ మేడ మీది చిన్న గదిలో జరిగింది. మార్లో, కాలేజీ పాస్టరు, చరిత్ర చెప్పే జోన్ పెట్రీ, ధాన్యం గిడ్డంగి యజమాని బక్ లిండ్‌గ్రెన్, ఆర్లీన్. లిండ్‌గ్రెన్ భారీ మనిషి. విత్తనాల కంపెనీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ విరుగుతుందేమో అన్నట్టు జాగ్రత్తగా కూర్చుంటాడు.

అసలు కోచ్‌ల పేర్లే ఎందుకు పెట్టాలని పెట్రీ మొదలుపెట్టింది. స్టేడియం మెట్లు పోసినవాళ్ళు ఊరి రైతులు. దెబ్బలు తిన్నవాళ్ళు పిల్లలు. గెలిచినప్పుడల్లా చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళకే మళ్ళీ ఇత్తడి పలకలేమిటని ఆమె వాదన. లిండ్‌గ్రెన్ ఓపిగ్గా విన్నాడు. పిల్లలు నాలుగేళ్ళుండి పోతారని, ఏళ్ళ తరబడి అక్కడే నిలబడి ఉండేవాడు కోచ్ ఒక్కడేనని అన్నాడు. తర్వాత తన సంగతి చెప్పాడు. తండ్రి లేని తను ఎక్కడో పడమటి కొస నుంచి ఈ కాలేజీకి వచ్చాడు. 1983 ఆగస్టులో ఒక మధ్యాహ్నం కళ్ళు తిరిగి పడిపోతే, హేవర్లీ స్వయంగా భుజాన వేసుకుని నీడలోకి పరిగెత్తాడు. మంచుముక్కల తొట్టిలో కూర్చోబెట్టి, గంటసేపు తల పట్టుకుని నీళ్ళు తాగించాడు.

"కన్నవాడు కూడా అంత చెయ్యడు. ఆయన లేకపోతే నేనివాళ ఈ కుర్చీలో లేను," అన్నాడు.

ఆర్లీన్ అప్పటిదాకా మాట్లాడలేదు. కాగితం మడత విప్పి బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఒక్క ముక్క చేర్చండి. 'డ్వేన్ వోలెక్ అనే విద్యార్థి చనిపోయిన తర్వాత' అని. ఆ తర్వాత మీ నీళ్ళ విరామం రాసుకోండి. లెక్కపెట్టాను. ఆరు మాటలు."

డ్వేన్ వోలెక్ ఎవరని మార్లో అడిగాడు. మా అన్న అంది ఆర్లీన్. ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో చెప్పింది. ఎండ సంగతి, నీళ్ళడిగిన సంగతి, ఆసుపత్రి సంగతి. గొంతు పెంచలేదు. చెబుతున్నంతసేపూ బల్ల అంచు మీద లేని దారపు పోగును వేళ్ళతో ఏరుతూనే ఉంది. పెట్రీ కలం కింద పెట్టేసింది. ఒకప్పుడు తన మురికి జెర్సీలు ఉతికిన మనిషికి ఇలాంటి అన్న ఉన్నాడని లిండ్‌గ్రెన్‌కు తెలియదు. చాలాసేపు టోపీని చేతుల్లో తిప్పాడు.

"ఆ ఆరు మాటలు పెడితే మిగతా యాభై నాలుగు ఎవ్వరూ చదవరు, ఆర్లీన్. ఆయన్ని హంతకుడంటారు."

"నేనెప్పుడూ అనలేదు."

"నువ్వనవు. గోడ అంటుంది."

మార్లో నెమ్మదిగా అందుకున్నాడు. ఇది సంతోషంగా జరుపుకునే సందర్భమని, కుటుంబాలు పిల్లాపాపలతో వస్తాయని, ఇలాంటి రాత కాలేజీ లాయరు చూడకుండా కుదరదని చెప్పాడు. పైగా కోచ్ జ్ఞాపకాలు రాసుకోవడానికి ఆయన దగ్గర మూడుసార్లు కూర్చున్నానని, మూడుసార్లలోనూ ఆ పిల్లవాడి పేరు ఆయన నోట రాలేదని అన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి మరిచిపోయినదాన్ని మనం తవ్వి చూపించడం దేనికి అన్నాడు. గురువారం మధ్యాహ్నం ఓటు పెడదామని చెప్పి కాగితాలు సర్దుకున్నాడు.

ఆ పేరు ఆయన నోట రాలేదన్న మాటలో నిజముంది. అదే ఆర్లీన్‌ను కోసింది. పదహారేళ్ళు రోజూ పొద్దున ఆరున్నరకు హేవర్లీ ఆమె గది గుమ్మంలో నిలబడి, ఎన్ని జెర్సీలు ఆరాయో అడిగేవాడు. ఏ రోజూ డ్వేన్ అన్న మాట అనలేదు. డ్వేన్ పోయిన ఆగస్టు ఇరవయ్యో తారీఖున కూడా.

*

బుధవారం పని దిగాక ఆమె కారును ఇంటివైపు కాకుండా కొండవాలు వీధివైపు తిప్పింది. హేవర్లీ ఇల్లు ఆమెకు తెలుసు. ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు.

ఆయన పెరటి మెట్ల మీద కూర్చుని మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాడు. పక్కన బకెట్టు, కాళ్ళ దగ్గర ఒలిచిన పచ్చని ఆకుల కుప్ప. చేతులు వణుకుతున్నందువల్ల ఒక్కొక్క పీచూ తియ్యడానికి చాలాసేపు పడుతోంది. ఆర్లీన్‌ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఒకప్పుడు రెండు మైదానాల అవతలికి వినబడేలా అరిచిన మనిషి, ఇప్పుడు మెట్ల కమ్మీ పట్టుకుంటేగాని లేవలేకపోతున్నాడు.

కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"పలక మీద ఏం రాశారో చూశారా, కోచ్?"

"చూపించాడు మార్లో. నీళ్ళ సంగతి తీసెయ్యమన్నాను. ఎందుకని అడిగాడు." ఆయన చేతిలోని కంకి వైపు చూశాడు. "చెప్పలేకపోయాను."

"ఎందుకు చెప్పలేకపోయారు? మా అన్న పేరు మరిచిపోయారా?"

ఆయన కంకి మీది పీచు ఒకటి లాగాడు.

"నలభై రెండేళ్ళు," అంది ఆర్లీన్. "అందులో పదహారేళ్ళు రోజూ నా మొహం చూశారు. జెర్సీలెన్ని, తువ్వాళ్ళెన్ని అని అడిగారు. ఒక్కరోజు ఆ పేరెత్తితే మీదేం పోయేది? తిడితే తిట్టేదాన్ని. ఏడిస్తే ఏడ్చేదాన్ని. అసలు అలాంటి మనిషే పుట్టలేదన్నట్టు ఊరుకున్నారు చూడండి, దానికన్నా ఏదైనా నయమే."

హేవర్లీ కంకిని బకెట్లో పెట్టాడు. కింది మెట్టు మీద మళ్ళీ కూర్చున్నాడు. ఆమె వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"మట్టి చేసే ముందురోజు మీ పొలంలో ఇంటికొచ్చాను. నువ్వు మేడ మీద ఉన్నావు. మీ నాన్న కొట్టంలోంచి బయటికి రాలేదు. మీ అమ్మ వంటింట్లో తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. నాకప్పుడు ముప్ఫై ఆరేళ్ళు. దారంతా మాటలు కూర్చుకున్నాను. గుమ్మంలో నిలబడి వాడి పేరన్నాను. అంతే. తర్వాత మాట రానివ్వలేదు. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేసి ఇటు తిరిగింది. 'ఆ పేరు నీ నోట్లోంచి మళ్ళీ రాకూడదు. నువ్వు బతికున్నంత కాలం, ఎవరి దగ్గరా. నీకా హక్కు లేదు,' అంది. సరేనన్నాను. అట్లాగే నిలబడ్డాం ఇద్దరం. కాలిన వాసనొచ్చింది. అప్పుడు తీసింది ఇస్త్రీపెట్టె."

ఆర్లీన్ మెట్ల కమ్మీ పట్టుకుంది.

ఆ చొక్కా ఆమెకు తెలుసు. కుడిచేతి పట్టీ మీద గోధుమరంగు మరక. కొత్తది కొందామంటే అమ్మ వద్దంది. అన్నకు తొడగడానికి ఇవ్వాలని పదిహేనేళ్ళ ఆర్లీన్ ఆ పట్టీని లోపలికి మడిచి, కనబడకుండా మూడు కుట్లు వేసింది. ఎలా మాడిందని అడిగితే అమ్మ పలకలేదు. ఆ మరక సంగతి భూమ్మీద అమ్మకూ తనకూ తప్ప ఎవరికీ తెలియదని ఇన్నాళ్ళూ అనుకుంది.

ఆమె ఒక మెట్టు వదిలి కూర్చుంది.

"అమ్మ పోయి పదమూడేళ్ళయింది," అంది.

"తెలుసు. ఆ రోజు చర్చిలో వెనకాల నిలబడ్డాను."

"అప్పుడైనా నాతో చెప్పొచ్చుగా."

"మాట తీసుకున్న మనిషి లేదు. వదిలెయ్యమని ఎవర్నడగను? నీకు ఉద్యోగమిచ్చినప్పుడు అనుకున్నాను, ఏదో ఒకరోజు నువ్వే అడుగుతావని."

"మీరే అంటారని నేను ఎదురుచూశాను."

పదహారేళ్ళు. గుమ్మానికి ఇవతల ఒకరు, అవతల ఒకరు. ఆర్లీన్ అలవాటుగా ఒక కంకి అందుకుని పై ఆకులు లాగింది. పీచు తీసి బకెట్లో వేసింది. ఇంకొకటి అందుకుంది.

"ఇప్పుడు నేనంటున్నాను, కోచ్. అమ్మ తరఫున నేనే ఉన్నాను. అనండి."

ఆయన నోరు తెరిచాడు. పెదవులు ఆ పేరు ఆకారానికి వచ్చాయి. శబ్దం రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. చివరకు తల అడ్డంగా ఊపి, జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"రేపు మీటింగు ఎన్నింటికి?" అని అడిగాడు.

*

గురువారం రెండున్నరకు ఆయన లైబ్రరీ మేడ మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చాడు. అంత ఎండలోనూ కోటు వేసుకుని, టై కట్టుకున్నాడు. మార్లో కంగారుగా లేచి కుర్చీ జరిపాడు. హేవర్లీ కూర్చోలేదు. కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"నా కింద ఇరవై ఎనిమిదేళ్ళలో వెయ్యిమంది పైన పిల్లలు ఆడారు," అన్నాడు. "ఒకడు మాత్రం ఆడలేదు. ఆట దాకా రాకుండానే పోయాడు." ఆగాడు. "డ్వేన్. డ్వేన్ వోలెక్."

ఆర్లీన్ కళ్ళు మూసుకుంది.

"రెండుసార్లు నీళ్ళడిగాడు. రెండోసారి 'దయచేసి' అన్నాడు. సాధనయ్యాక అన్నాను. నీళ్ళు తాగితే పిల్లలు మెత్తబడతారని నమ్మేవాళ్ళం. ఆ రోజుల్లో అందరూ అంతేనని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. కానీ అందరి చేతుల్లోనూ పిల్లలు చావలేదు. మర్నాటి నుంచి నీళ్ళ పీపాలు పెట్టించాను. అది ముందుచూపు కాదు. ఆ పలక మీద నీళ్ళ మాటుంటే, దాని ముందు వాడి పేరుండాలి. లేకపోతే నా పేరు పెట్టకండి."

చెప్పవలసింది అయిపోయాక, సెలవు తీసుకుంటున్నట్టు అందరికీ తల వంచి, బయటి వరండాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. లిండ్‌గ్రెన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ పెద్ద భుజాలు కదలడం చూసి పాస్టరు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాడు.

ఓటు పెట్టడానికి పావుగంట పట్టింది. లాయరుతో మాట్లాడానని, కాలేజీ గోడ మీద కాలేజీయే అలాంటి మాట చెక్కించుకుంటే రేపు ఏ మూల నుంచి ఏమొస్తుందో చెప్పలేమన్నాడని మార్లో వివరించాడు. ఆరు మాటలు చేర్చడానికి పెట్రీ చెయ్యెత్తింది. ఆర్లీన్ ఎత్తింది. పాస్టరు, మార్లో వైపు ఒకసారి చూసి, ఎత్తలేదు. అందరి కళ్ళూ లిండ్‌గ్రెన్ మీదికి వెళ్ళాయి. అతని చెయ్యి బల్ల మీంచి జానెడు పైకి లేచింది. మళ్ళీ దిగిపోయింది.

"ఆయన్ని నేను అట్లా గోడెక్కించలేను," అన్నాడు. "నావల్ల కాదు."

అప్పుడు మార్లో, గొంతులో నిజమైన విచారంతోనే, అయితే కోచ్ కోరికను గౌరవించి ఆయన పలకను విరమించుకుందామన్నాడు. మిగతా నాలుగూ అనుకున్నట్టే పెడదామన్నాడు. రాత కాగితంలో అయిదో పేరా మీద కలంతో అడ్డంగా గీత గీశాడు. హేవర్లీ పేరుతో పాటు నీళ్ళ విరామమూ పోయింది. 1969 అన్న అంకె కూడా పోయింది. అబద్ధంగానైనా ఆ గోడ మీద ఉండవలసిన ఒకే ఒక్క జాడ కూడా ఆ గీత కిందికి వెళ్ళిపోవడం ఆర్లీన్ చూస్తూ కూర్చుంది.

వరండాలో ఆయన లేచి నిలబడ్డాడు.

"నలుగురినే పెడతారట," అంది ఆమె.

ఆయన తల ఊపాడు. "మరి వాడి పేరు?"

"లేదు."

ఆయన ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాడు. ఆర్లీనే ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఇరవై రెండు మెట్లు.

*

శుక్రవారానికి ఊరంతా పాకింది. అయితే పాకింది సగమే. సామాన్ల గది ఆర్లీన్ పాత పగ పెట్టుకుని, ముసలి కోచ్ పేరు గోడ మీంచి తీయించిందట. ఊళ్ళో అనుకున్నది అది. ఏళ్ళ తరబడి శుక్రవారాలు ఆమె కోసం కొలాచీలనే గసగసాల తీపి రొట్టెలు పక్కన దాచిపెట్టే బేకరీ ఆమె, ఆ రోజు పొట్లం చేతికిచ్చి వాతావరణం గురించి కూడా మాట్లాడలేదు. పెట్రోలు బంకు దగ్గర ఎవరో, ఆమెకు వినబడేలాగే, కొందరికి చచ్చినవాళ్ళ మీదున్న ప్రేమ బతికున్నవాళ్ళ మీద ఉండదన్నారు. ఆమె విననట్టు కారెక్కింది.

మధ్యాహ్నం లిండ్‌గ్రెన్ సామాన్ల గదికి వచ్చాడు. ఏటవాలు కప్పు కింద ఒంగి నిలబడలేక తిరగేసిన పెట్టె మీద కూర్చున్నాడు. ఆర్లీన్ ఆరిన తువ్వాళ్ళు మడతపెడుతోంది. అతను కూడా ఒకటి తీసుకుని మడవబోయాడు. సరిగ్గా రాలేదు. ఆమె దాన్ని తీసుకుని మళ్ళీ మడిచింది.

"మీ అన్న పోకపోయుంటే ఎనభై మూడులో నేను పోయేవాణ్ణి," అన్నాడు. "నిన్న ఆయన మాట్లాడుతుంటే తెలిసింది నాకు. తెలిసి కూడా చెయ్యెత్తలేదు."

ఎందుకెత్తలేదని ఆమె అడగలేదు. ఫర్వాలేదనీ అనలేదు. తువ్వాలు మీద తువ్వాలు పేర్చింది.

మీ అన్న ఎట్లా ఉండేవాడని అడిగాడు. ఆర్లీన్ చెప్పబోయింది. బంతి ఎడమచేత్తో విసిరేవాడంది. పందిపిల్లల్ని పేరుపెట్టి పిలిచేవాడంది. ట్రాక్టరు నేర్పుతూ ఒకసారి తనను గుంటలోకి నడిపించాడంది. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. ఇంకేమీ లేదు. ఈ మూడే ఇన్నేళ్ళుగా తిప్పితిప్పి చెప్పుకుంటోంది. అమ్మకు తెలిసినవి అమ్మతో పోయాయి, నాన్నకు తెలిసినవి నాన్నతో పోయాయి. తనకు మిగిలినవి ఉతికి ఉతికి రంగుపోయిన బట్టల్లా అయిపోయాయి. ఆ మాట లిండ్‌గ్రెన్‌తో అనలేదు. అతను లేచి, కప్పుకు తల తగలకుండా చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున సాధన ఎనిమిదింటికే మొదలైంది. ఆర్లీన్ మైదానం పక్క చెక్కబెంచీల మీద, ఆటగాళ్ళు తెంపుకొచ్చిన పట్టీలు కుట్టడానికి సూదీ దారం పెట్టుకుని కూర్చుంది. హెల్మెట్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు. ఈలలు. తడిసిన గడ్డి వాసన. కాసేపటికి బెంచీ అవతలి కొస కిర్రుమంది. హేవర్లీ వచ్చి కూర్చున్నాడు. చెమటకు అతుక్కుపోయిన పాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పిల్లలు కొందరు ఆయన్ని చూసి గుసగుసలాడుకున్నారు. కొత్త కోచ్ దూరం నుంచి చెయ్యెత్తి పలకరించాడు, దగ్గరకు మాత్రం రాలేదు.

ఆర్లీన్ పట్టీ కుట్టడం ముగించి దారం కొరికింది.

"వాడు నన్ను వెక్కిరించేవాడు, తెలుసా," అన్నాడాయన ఉన్నట్టుండి.

"ఎవరు?"

"డ్వేన్." ఈసారి అంత కష్టపడకుండానే వచ్చింది. "రెండో రోజు అనుకుంటాను. నేను వాళ్ళకి వీపు తిప్పి ఏదో పురమాయిస్తున్నాను. వెనకాల పిల్లలంతా నవ్వు ఆపుకోలేక చస్తున్నారు. గబుక్కున తిరిగాను. మీ అన్న రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, పొట్ట ముందుకు తోసి, గడ్డం ఇట్లా బిగించి అచ్చం నాలాగే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చేతులు దింపేస్తాడనుకున్నాను. దింపలేదు. 'ఏం చూస్తున్నారు, పరిగెత్తండి,' అన్నాడు. నా గొంతుతోనే. నన్నే."

"మీరేం చేశారు?"

"రెండు చుట్లు అదనంగా పరిగెత్తించాను. కానీ నవ్వొచ్చేసింది. వాడు చూశాడు నేను నవ్వడం. పరిగెత్తుతూ కూడా వెనక్కి తిరిగి చూసుకున్నాడు."

ఆయన కష్టపడి లేచి నిలబడ్డాడు. వణికే చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. లేని పొట్ట ముందుకు తోశాడు. గడ్డం బిగించాడు. ముప్ఫై ఆరేళ్ళ హేవర్లీలా నిలబడిన డ్వేన్ ఎట్లా ఉండేవాడో, డెబ్భై ఎనిమిదేళ్ళ హేవర్లీ నిలబడి చూపించాడు. ఆర్లీన్‌కు ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు అక్కడే ఆగిపోయి, కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది. తుడుచుకోవాలని తోచలేదు. నలభై రెండేళ్ళుగా అన్న గురించి కొత్త కబురు ఒక్కటీ రాలేదు. చచ్చిపోయినవాళ్ళ గురించి రావని ఎప్పుడో అనుకుని ఊరుకుంది. ఇప్పుడొకటి వచ్చింది. అన్నకు వెక్కిరించడం వచ్చునని ఆమెకు తెలియదు.

"ఇంకా చెప్పండి," అంది.

"నాకేం తెలుసు, ఆర్లీన్," అన్నాడాయన మళ్ళీ కూర్చుంటూ. "వాడు నా దగ్గరున్నది నాలుగు రోజులే కదా."

ఆమె సూదీ దారం పక్కన పెట్టి, బెంచీ మీద ఆయన వైపుకు జరిగింది.

"నాలుగూ చెప్పండి. మొదటిరోజు పొద్దున్నించి."